వెల్ల వేసే ముందు

అద్దెకిచ్చే ఇంటిని సిద్ధం చేయడమంటే ఏమిటని ఎవరైనా అడిగితే శుభ్రం చేయడం అని చెబుతాం. పనిలోకి దిగాక తెలుస్తుంది, అందులో సగం శుభ్రం చేయడం, మిగతా సగం చెరిపేయడం. తలుపు మీద పిల్లల ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలు, పొయ్యి వెనక పోపు మరక, క్యాలెండరు తగిలించిన మేకు, దేవుడి గూట్లో పసుపు చారలు. ఇవన్నీ మురికేం కాదు. అయినా తీసేస్తాం. వచ్చేవాళ్లకి తమకంటే ముందు ఇక్కడ ఎవరూ బతకలేదన్న భ్రమ కావాలి. ఆ భ్రమని తయారుచేసి ఇవ్వడం ఓనరు పని. నెలనెలా పుచ్చుకునే అద్దెలో దాని ఖరీదు కూడా కలిసే ఉంటుంది.

ఎంతవరకు చెరిపితే అది శుభ్రం? ఎక్కడ దాటితే మోసం? ఇది చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది, గోడల గురించీ కుళాయిల గురించీ ఆలోచిస్తున్నంతసేపూ. ఆ ఇంట్లో ఒక మనిషి పోయిన సంగతి దగ్గరికొచ్చేసరికి అంత తేలిగ్గా తెగదు.

పల్నాడు జిల్లా అచ్చంపేటలో మాకో ఇల్లుంది. పై వాటాలో అమ్మ ఉంటుంది, కింది వాటా అద్దెకిస్తాం. మండల కేంద్రం కాబట్టి అద్దెకొచ్చేవాళ్లకి లోటుండదు: టీచర్లు, బ్యాంకు వాళ్లు, మండలాఫీసు ఉద్యోగులు, పిల్లల చదువు కోసం చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చేవాళ్లు. కింద తొమ్మిదేళ్లు ఒకే కుటుంబం ఉంది. ఆయన టీచరు. కూతురి ఇంటర్ చదువు కోసం మొన్న వేసవిలో నరసరావుపేట మారిపోయారు. అంతకుముందు కార్తీకంలో ఆయన తల్లి, మేమంతా మామ్మగారూ అని పిలిచే ఆవిడ, ముందు గదిలో మంచం మీద నిద్రలోనే పోయారు. ఎనభై దాటిన మనిషి. వరండాలో పడుకోబెట్టారు. తల ఆనిన చోట పది రోజులు దీపం పెట్టారు. పెద్దకర్మ కూడా ఆ ఇంట్లోనే జరిగింది. అమ్మ ఒక్క మాట అనలేదు. "తొమ్మిదేళ్లు పచ్చడి గిన్నెలు మెట్లెక్కినయ్యి, దిగినయ్యి. ఇప్పుడు బయటికి పొమ్మంటానా?" అంది.

ఆ వాటాని కొత్తవాళ్లకి సిద్ధం చేయడానికి పది రోజులు సెలవు పెట్టి హైదరాబాదు నుంచి వెళ్లాను.

మొదటి పేచీ గోడ దగ్గరే వచ్చింది. బాత్రూముని ఆనుకున్న పడగ్గది గోడకి నడుమెత్తు దాకా చెమ్మ. ఉప్పు పూసి, చెయ్యి వేస్తే పొడి రాలుతోంది. రంగులేసే మేస్త్రి చూసి, "గీకేసి పుట్టీ కొట్టి ప్లాస్టిక్ పెయింటు వేస్తే మూణ్ణెల్లు అద్దంలా ఉంటదమ్మా. అడ్వాన్సు చేతిలో పడేదాకా ఉంటే చాలదా?" అన్నాడు. ఆయన మోసగాడేం కాదు. ఇళ్ల ఓనర్లు సాధారణంగా తన నుంచి ఏం కోరుకుంటారో అనుభవం మీద తెలిసిన మనిషి.

సున్నం సంగతి మా జిల్లా వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. బట్టీల పుణ్యమా అని పిడుగురాళ్లకి లైమ్ సిటీ అనే పేరుంది. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లు పోసి పొంగించి, ఆ సున్నాన్ని గోడకి పూస్తే అది గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుంటూ మెల్లగా మళ్లీ రాయిగా మారుతుంది. ఆ పొరలోంచి చెమ్మ బయటికి పోగలదు. ప్లాస్టిక్ పెయింటు దాన్ని అంత సులువుగా పోనివ్వదు. లోపల ఆగిపోయిన చెమ్మ ఏదో ఒక వానాకాలంలో పెచ్చులు పెచ్చులుగా రంగుని తోసుకుని బయటికొస్తుంది. అప్పటికి ఆ గోడ పక్కన మంచం వేసుకుని పడుకునేది వేరేవాళ్లు, దగ్గేది వాళ్ల పిల్లలు. అందుకని పైపు మార్పించి, గోడ గీకించి, సున్నం వేయించాం. ఇంత చేసినా గోడ పూర్తిగా ఆరడానికి ఒక ఎండాకాలం పడుతుందన్నాడు మేస్త్రి. ఆ ఎండాకాలం లోపే కొత్తవాళ్లు వస్తారు. కాబట్టి వాళ్లకి చెప్పాలా, అక్కర్లేదా?

గోడ విషయంలో మన చట్టానికి స్పష్టమైన సమాధానమే ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షను ఓనరుకీ అద్దెదారుకీ మధ్య బాధ్యతలు పంచుతుంది. అందులో మొట్టమొదటి బాధ్యత ఓనరుది: ఆస్తిని ఏ పనికి తీసుకుంటున్నారో ఆ పనికి అడ్డొచ్చే ముఖ్యమైన లోపం ఏదైనా తనకి తెలిసి, ఎదుటివాళ్లకి తెలియక, మామూలు జాగ్రత్తతో వాళ్లు కనిపెట్టలేనిదైతే దాన్ని చెప్పి తీరాలి. ఇంటిని బాగుచేసి ఇమ్మని కాదు, చెప్పమని. నూట నలభై ఏళ్ల కిందటి చట్టం మరమ్మతు కన్నా ముందు మాటని పెట్టింది. అయితే ఆ సెక్షను మొదట్లోనే ఒక సందు కూడా ఉంది. వేరే ఒప్పందం గానీ, స్థానికంగా వేరే ఆచారం గానీ లేనప్పుడే ఈ బాధ్యతలన్నీ వర్తిస్తాయి. మన ఊళ్లలో స్థానిక ఆచారం ఏమిటో అందరికీ తెలుసు. అడిగితే చెబుతాం, అడక్కపోతే ఊరుకుంటాం.

అమ్మ అన్నది కూడా సరిగ్గా అదే. నేను ఒక కాగితం మీద రాయడం మొదలుపెట్టాను. వెనక గది గోడ చెమ్మ. ఏప్రిల్ ఆఖరుకి బోరు సన్నబడుతుంది, రోజు విడిచి రోజు ట్యాంకరు. పెద్ద వాన పడితే వీధి నీళ్లు గేటు దాకా వస్తాయి. ఎదురింటి పెళ్లిళ్ల మైకు. అమ్మ తొంగి చూసి, "అమ్మాయ్, ఇల్లు అద్దెకిద్దామనా, వద్దని చెబుదామనా?" అంది. "కళ్లున్నోళ్లు చూసుకుంటారు. అడిగితే అబద్ధం చెప్పం. అడక్కుండా మనమే ఎందుకు దండోరా వేసుకోవడం?"

ఈ మాట రెండువేల ఏళ్ల కిందట రోములో కూడా నడిచింది. క్రీస్తుపూర్వం 44లో సిసిరో ఏథెన్సులో చదువుకుంటున్న కొడుకు కోసం కర్తవ్యాల మీద ఒక పుస్తకం రాశాడు. దాని మూడో భాగంలో ఇల్లు అమ్ముకునే ఒక మనిషి ఉదాహరణ వస్తుంది. ఆ ఇల్లు ఆరోగ్యానికి మంచిది కాదు, పడగ్గదుల్లో పాములు తిరుగుతాయి, కట్టడం పాడుది. ఈ సంగతులు ఓనరుకి తప్ప ఎవరికీ తెలియవు. చెప్పకుండా అమ్మేస్తే తప్పా? బాబిలోన్ డయోజనీస్, అతని శిష్యుడు ఆంటిపాటర్, ఇద్దరూ స్టోయిక్కులే, ఈ ప్రశ్న మీద విడిపోయారు. డయోజనీస్ పక్షం మా అమ్మ పక్షమే: కొనమని నేను బలవంతం చేయలేదు, చెప్పకపోవడం వేరు, దాచడం వేరు, ఎవరి ఇంటి లోపాలు వాళ్లే చాటించుకుంటూ అమ్మే పిచ్చివాడు ఉంటాడా? దారి తప్పినవాడికి దారి చెప్పకపోతేనే తప్పు కదా, తెలిసి తెలిసి ఒకణ్ణి నష్టంలోకి దిగనివ్వడం అంతకన్నా పెద్ద తప్పు కాదా అంటాడు ఆంటిపాటర్. సిసిరో తీర్పు ఆంటిపాటర్ వైపే. ప్రతి మౌనమూ దాపరికం కాదని ఆయన ఒప్పుకుంటాడు. నీకు తెలిసిన సంగతి తెలుసుకోవడం ఎదుటివాడికి అవసరమై, వాడికి తెలియకపోవడం నీకు లాభమై, ఆ లాభం కోసమే నువ్వు నోరు మూసుకుంటే అది దాపరికం.

ఈ కొలత నాకు నచ్చింది. మౌనం మంచిదా చెడ్డదా అని గాలిలో తేల్చకుండా, ఈ మౌనం వల్ల ఎవరికి డబ్బొస్తుందో చూడమంటోంది. గోడ గురించి మాట్లాడకపోతే నెలకి 6,500 అద్దె నాకే వస్తుంది. కాబట్టి గోడ గురించి చెప్పాలి. బోరు గురించీ చెప్పాలి. అమ్మతో అంతవరకు ఒప్పందం కుదిరింది. "సరే, చెప్పు. మైకు సంగతి మాత్రం ఎందుకు, అది రెండో రోజే వాళ్లకే తెలుస్తుంది" అంది. చట్టం కూడా అదే అంటుంది, మామూలు జాగ్రత్తతో తెలిసేదాన్ని చెప్పక్కర్లేదని.

నా కాగితం మీద మామ్మగారి సంగతి లేదు. ఉండాలా అని అడిగింది మేస్త్రే, ముందు గదికి సున్నం కొడుతూ. "ముసలామె ఈడే కదమ్మా పోయింది? కొత్తోళ్లకి ఆ సంగతి చెప్పబాకండి. వెనక్కి తిరిగి చూడకుండా పోతారు."

ఆయన భయంలో నిజముంది. మన పంచాంగాల ప్రకారం ధనిష్ఠ మొదలు రేవతి దాకా ఐదు నక్షత్రాల్లో ఎవరైనా పోతే ఇల్లు పాడుపెట్టాలంటారు, నక్షత్రాన్ని బట్టి కొన్ని నెలలు. నమ్మేవాళ్లు తాళం వేసుకుని వెళ్లిపోతారు. సొంత ఇంట్లో ఉన్నవాళ్లు చుట్టాల ఇంటికో అద్దె ఇంటికో పోతారు. మరి అద్దె ఇంట్లోనే చావు జరిగితే? ఆ నెలల అద్దె ఎవరిది? తర్వాత ఆ ఇంటికి ఎవరొస్తారు? ఓనర్లందరూ కఠినాత్ములని అనుకోవడం తేలిక. కానీ చాలా ఊళ్లలో కింది వాటా అద్దె మీదే బతికే ముసలమ్మలున్నారు, మా అమ్మకి మందులు వచ్చేదీ దాంతోనే. వాళ్లకి పంచకం అంటే ఆకాశంలో నక్షత్రం కాదు, ఆర్నెల్లు ఆగిపోయే డబ్బు. ఒక నమ్మకం ఖరీదు తన మీద పడుతుందని తెలిసిన మనిషి ఆ ఖరీదుని ఇంకొకరి మీదకి తోస్తాడు. ఇక్కడ తోయించుకునేది చావుకి దగ్గర్లో ఉన్న మనిషి.

దాని ఫలితాలు మన పత్రికల జిల్లా పేజీల్లో అప్పుడప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి. ఆసుపత్రి నుంచి శవాన్ని తెస్తే ఓనరు గేటు తీయలేదని అంబులెన్సులోనే ఉంచుకున్నవాళ్లు. రోడ్డు పక్కన టెంటు వేసి వానలో రాత్రంతా కూర్చున్నవాళ్లు. నేరుగా శ్మశానానికే తీసుకెళ్లి అక్కడే స్నానం చేయించినవాళ్లు. నెలనెలా అద్దె కట్టిన ఇల్లే అది. బతికున్నన్నాళ్లూ ఆ చిరునామాకే ఆధార్ కార్డు, గ్యాస్ బండ, ఓటరు స్లిప్పు. ఊపిరి ఆగిన క్షణం నుంచి మాత్రం ఆ మనిషికి చిరునామా లేదు. 2020 మార్చిలో ఇదే భయం ఇంకో రూపంలో బయటపడింది. కరోనా వార్డుల్లో పనిచేస్తున్న డాక్టర్లనీ నర్సులనీ ఓనర్లు ఇళ్లు ఖాళీ చేయమంటున్నారని ఢిల్లీ ఎయిమ్స్ రెసిడెంట్ డాక్టర్లు కేంద్ర హోంమంత్రికి లేఖ రాయాల్సి వచ్చింది. చావు కాదు, చావు దగ్గర్నుంచి ఇంటికొచ్చే మనిషి కూడా పనికిరాడు.

దీన్ని కేవలం మూఢనమ్మకం అని కొట్టేస్తే సరిపోదనిపిస్తుంది. అద్దె ఇల్లు అడగబోతే గేటు దగ్గరే వచ్చే "మీరేమిట్లు?" అన్న ప్రశ్నా, "శవాన్ని తేకూడదు" అన్న షరతూ ఒకే వేరు నుంచి వచ్చినవి. ఆ వేరు పేరు అంటు. ఒకటి పుట్టుకతో అంటు చూస్తుంది, ఇంకోటి చావుతో. రెండూ టులెట్ బోర్డు మీద కనిపించవు. తినేదాని మీద షరతు, పెళ్లికానివాళ్ల మీద షరతు, భర్త లేని ఆడమనిషి మీద షరతు, గోడకి మేకు కొట్టడం మీద షరతు. ఇల్లు చూపించేటప్పుడు ఓనరు చెప్పే షరతులన్నీ వరసగా రాసుకుంటే, మనిషి బతుకులో ఏ ఏ ముక్కలు ఆ ఇంట్లో పట్టవో తెలుస్తుంది.

మళ్లీ మేస్త్రి ప్రశ్నకొస్తాను. చావు ఇంటికి లోపమా? ఈ ప్రశ్నని చట్టాల్లోకి ఎక్కించుకున్న చోట్లున్నాయి. కాలిఫోర్నియా సివిల్ కోడులో ఒక నిబంధన ప్రకారం, మూడేళ్లు దాటిన చావు గురించి కొనేవాళ్లకి గానీ అద్దెకి వచ్చేవాళ్లకి గానీ తమంతట తాము చెప్పనక్కర్లేదు, సూటిగా అడిగితే మాత్రం అబద్ధం చెప్పకూడదు. జపానులో ఇలాంటి ఇళ్లకి జికో బుక్కెన్ అని ఒక పేరే ఉంది, అద్దె తగ్గించి ఇస్తారు. అక్కడి ప్రభుత్వం 2021 అక్టోబరులో మార్గదర్శకాలు తెచ్చింది. వయసు మీదపడో జబ్బు చేసో సహజంగా పోయిన చావుని చెప్పనక్కర్లేదు, హత్యలూ ఆత్మహత్యలూ అయితే అద్దె ఇళ్ల విషయంలో సుమారు మూడేళ్ల పాటు చెప్పాలి, అడిగితే ఎప్పుడైనా చెప్పాలి. ఆ మార్గదర్శకాల వెనకున్న కారణం ఆలోచించదగ్గది. ఒంటరిగా ఉండే ముసలివాళ్లు తమ ఇంట్లో పోతారేమోనని ఓనర్లు వాళ్లకి ఇళ్లే ఇవ్వడం మానేశారు. ప్రతి చావునీ లోపంగా లెక్కగడితే, చావుకి దగ్గరున్న ప్రతి మనిషీ లోపమే అవుతాడు. ఆ గొలుసు తెంపాలంటే సహజ మరణాన్ని లోపాల జాబితాలోంచి తీసేయాలని జపాను తేల్చుకుంది.

మన 108వ సెక్షను భాషలో చూసినా నేను అక్కడికే చేరతాను. ఏ పనికి తీసుకుంటున్నారో ఆ పనికి అడ్డొచ్చేది లోపం. ఇల్లు తీసుకునేది బతకడానికి. బతకడంలో జబ్బుపడటం ఉంది, పురుడు ఉంది, మంచాన పడటం ఉంది, పోవడం ఉంది. ఎనభై ఏళ్ల మనిషి తన మంచం మీద, తన వాళ్ల మధ్య నిద్రలో పోయిందంటే ఆ ఇల్లు తను చేయాల్సిన పని చేసిందనే అర్థం. చెమ్మ గోడది లోపం. మామ్మగారి చావు ఆ గదికి లోపం కాదు.

అయితే లోపం కాదు కాబట్టి చెప్పనక్కర్లేదా? ఇక్కడ జపాను దారి నాకు పూర్తిగా సరిపోలేదు. సిసిరో కొలతతో చూస్తే నా మౌనం వల్ల లాభం నాకే. అది లోపం కాదన్నది నా నమ్మకం, అద్దెకొచ్చేవాళ్ల నమ్మకం వేరేగా ఉండొచ్చు. వాళ్ల నమ్మకం తప్పని నేను అనుకుంటున్నాను కాబట్టి వాళ్లకి చెప్పకుండా ఆ గదిలో పడుకోబెడతాను అనడం, చదువుకున్న మనిషి చేసే పెత్తనం. పైగా పక్కింటివాళ్లు పదిరోజుల్లో చెప్పేస్తారు. అప్పుడు వాళ్లని పట్టుకునేది దెయ్యం భయం కాదు, ఓనరు ఇంకా ఏమేం దాచిందో అన్న అనుమానం. అమ్మిన ఇంటి సంగతి వేరు, డబ్బులు చేతులు మారాక ఎవరి దారి వాళ్లది. అద్దెకిచ్చిన ఇంటి మెట్ల మీద రోజూ ఎదురుపడాలి.

ఇంకోవైపు, చెప్పడంలోనూ కీడుంది. గొంతు తగ్గించి, "మీకొక సంగతి చెప్పాలండీ, ఏమీ అనుకోకండి" అని మొదలుపెడితే, లోపం కానిదాన్ని నేనే లోపం చేసినట్టు. చెమ్మా బోరూ ఉన్న జాబితాలో మూడో అంకెగా మామ్మగారిని చేరిస్తే ఆవిడని పంపుసెట్టు పక్కన నిలబెట్టినట్టు. అలా చెప్పే ప్రతి ఓనరూ ముసలి తల్లిదండ్రులున్న ఇంకో కుటుంబానికి ఊళ్లో ఒక తలుపు మూసేస్తాడు. నిజం చెప్పడం ఒక బాధ్యత, ఏ గొంతుతో చెబుతున్నామన్నది ఇంకో బాధ్యత. సిసిరో మొదటిదాన్నే లెక్కలోకి తీసుకున్నాడు.

ఇలా ఆలోచిస్తున్నప్పుడు కిసాగోతమి గుర్తొచ్చింది. అచ్చంపేట నుంచి కృష్ణ ఒడ్డు పట్టుకుని కిందికి వెళ్తే అమరావతి స్తూపం. ఆ పేరున్న చోట ఉంటూ ఈ కథ తెలియనివాళ్లు తక్కువ. బిడ్డ శవాన్ని ఎత్తుకుని వచ్చిన తల్లితో బుద్ధుడు, ఎవరూ చావని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు తెమ్మంటాడు. ఆమె ఇల్లిల్లూ తిరిగి ఉత్తచేతులతో వస్తుంది. ఈ కథని చావు గురించిన పాఠంగా చెబుతారు. నాకు అందులో వేరే సంగతి కనిపిస్తుంది. ఆ ఊళ్లో ఏ ఒక్కరూ అబద్ధం ఆడలేదు. తలుపు తట్టిన ముక్కూ మొహం తెలియని ఆడమనిషికి, మా ఇంట్లో నాన్న పోయాడు, మా కోడలు పోయింది అని ప్రతి గడపా దాపరికం లేకుండా చెప్పింది. ఆ మాటలే ఆమెని బిడ్డని నేల మీద దించేలా చేశాయి. ఇప్పుడు ఆమె మన ఊళ్లలో టులెట్ బోర్డున్న ఇళ్లకి వెళ్తే ఆవాలు బస్తాలకొద్దీ దొరికేవి.

ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు ముగ్గురు. భార్య గ్రామ సచివాలయంలో ఉద్యోగి, భర్త మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా, ఐదో తరగతి చదివే బాబు. చెమ్మ చూపించాం, బోరు సంగతి చెప్పాం. ముందు గదిలోకి వచ్చాక నేను మామూలు గొంతుతోనే అన్నాను: "ఇది మామ్మగారి గది. మీకంటే ముందున్న టీచరుగారి అమ్మ. గాలి బాగా వస్తుందని ఇక్కడే ఉండేవారు. పోయిన కార్తీకంలో ఇక్కడే నిద్రలో పోయారు. కర్మ కూడా ఇక్కడే చేశారు." భర్త భార్య వైపు చూశాడు. నేను వాళ్లు వెళ్లిపోతారనే అనుకున్నాను. ఆమె కాసేపు ఆగి అమ్మతో అంది: "పిన్నిగారూ, మా మామయ్యగారు కూడా మాతోనే ఉంటారండీ. పక్షవాతం. మంచం మీదే. రెండు ఇళ్ల వాళ్లు ముందే చెప్పినందుకు ఇవ్వలేదు, అందుకని మీకు చెప్పలేదు." తర్వాత గొంతు ఇంకా తగ్గించింది. "ఆయనకేమన్నా అయితే ఇక్కడే ఉంచనిస్తారా అండీ?"

నేను చెప్పాలా వద్దా అని పది రోజులుగా తూచుతున్న సంగతి ఆమెకి హెచ్చరిక కాలేదు, ఊరట అయింది. ఆమె దాచిన సంగతిని నేను తప్పుపట్టలేను. నా మౌనం వల్ల నాకొచ్చేది అద్దె. ఆమె మౌనం వల్ల ఆమెకొచ్చేది తల మీద కప్పు. పైగా నిజం చెప్పినవాళ్లకి తలుపులు మూసేసే ఊళ్లో, అద్దెకొచ్చేవాళ్లు నిజం దాచారని ఓనర్లు వాపోవడంలో అర్థం లేదు. ఎవరు ముందు నోరు విప్పాలి? బోర్డు ఎవరి గేటుకి వేలాడుతోందో వాళ్లే.

ఆమె ప్రశ్నకి జవాబు అమ్మ చెప్పాలి, ఇల్లు ఆవిడది. అమ్మ వెంటనే ఏమీ అనలేదు. టీచరుగారి కుటుంబానికి కాదనలేదంటే వెనక తొమ్మిదేళ్ల పచ్చడి గిన్నెలున్నాయి. వీళ్లెవరో నిన్నటిదాకా తెలియదు. తెలిసినవాళ్ల పట్ల దయగా ఉండటం వేరు, తెలియనివాళ్లకి మాటివ్వడం వేరు. మొదటిది మనసు నుంచి వస్తుంది, రెండోదాన్ని ముందే తీర్మానించుకోవాలి. "రేపు చెబుతాను" అని పంపించేసింది. ఆ రాత్రి ఆవిడ అడిగినవి మూడే ప్రశ్నలు. పంచకంలో పోతే? వాళ్లు ఇల్లు మూద్దామంటే? నా మందుల సంగతి?

మర్నాడు కాగితం రాసుకున్నాం. మన దగ్గర అద్దె కాగితాలన్నీ పదకొండు నెలలకే ఉంటాయి. రిజిస్ట్రేషను ఖర్చు తప్పించుకునే ఏర్పాటది. టీచరుగారితో రాసుకున్న పాత కాగితం మీద ఇంకా గుంటూరు జిల్లా అనే ఉంది. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా వచ్చాక ఎవరం దాన్ని తీసి చూడలేదు. అందులో షరతులు పద్నాలుగు, పన్నెండు అద్దెదారు చేయకూడనివి. కొత్తదాంట్లో చెమ్మ గోడ గురించి ఒక వాక్యం, బోరు గురించి ఒక వాక్యం చేర్చాం. ఆ తర్వాత ఇంకొకటి: అద్దెదారు కుటుంబంలో ఎవరైనా మరణిస్తే భౌతికకాయాన్ని ఇంట్లో ఉంచుకోవచ్చు, కర్మకాండలు ఈ ఇంట్లోనే జరుపుకోవచ్చు. నక్షత్రం కోసం ఇల్లు మూయమని ఓనరు అడగరు. అద్దెదారు తమ నమ్మకం కొద్దీ మూసుకుంటే మొదటి రెండు నెలలకి సగం అద్దె. ఆ రెండు నెలల లెక్క అమ్మదే. నేను ఆరు నెలలు అన్నాను. "మీరు హైదరాబాదులో కూర్చుని ఎన్ని నెలలైనా అంటారు" అంది. ఆవిడ మాటే న్యాయం. ఆ వాక్యం వల్ల నష్టపోయేది ఆవిడైనప్పుడు ఎంతవరకు నష్టపోవాలో నేను చెప్పకూడదు.

ఇంటిని సిద్ధం చేయడమంటే వచ్చేవాళ్లు ఏ ముక్కా గేటు బయట వదలకుండా తమ బతుకంతా లోపలికి తెచ్చుకునేలా చేయడం అని నాకిప్పుడు అనిపిస్తుంది. ఆ పనిలో సున్నం వేయడం చిన్న భాగం. ఎక్కువ భాగం ఇలాంటి మాటలే, ముందే కూర్చుని, మొహాలు చూసుకుంటూ అనుకోవాల్సినవి.

సంతకాలకి ముందు కాగితం రాసే ఆయన అంతా చదివి వినిపించాడు. చావు వాక్యం దగ్గర ఆగి, కళ్లజోడు పైనుంచి మమ్మల్ని చూసి, ముప్పై ఏళ్లలో ఇలాంటిది రాయలేదన్నాడు. అమ్మ అప్పుడు ఒక మాట అంది. "ఇంకో ముక్క రాయి నాయనా. మా పై వాటా మెట్లు ఇరుకు, మలుపు తిరగాలి. రేపు నేను పోతే నన్నూ కింద వరండాలోనే పెట్టాలి. వాటా వాళ్లకిచ్చాక వరండా వాళ్లదే కదా. వాళ్లు సరేనంటేనే."

కొత్తగా వచ్చే ఆవిడ అమ్మ చెయ్యి పట్టుకుంది. కాగితం రాసే ఆయన "అద్దెదారు కుటుంబంలో" అన్న రెండు మాటలూ కొట్టేసి, పైన "ఇరుపక్షాల వారి కుటుంబాల్లో" అని రాసి, పక్కన అందరి చేతా పొడి సంతకాలు పెట్టించాడు.